చుక్క గుర్తు బండి

"అన్నయ్యా, వచ్చే ఆదివారం నీ కారు కావాలి" అని మా చెల్లెలు ఫోను చేసింది.

"దానికేం భాగ్యం, వస్తాను" అన్నాను.

"నువ్వు రాకపోయినా ఫరవాలేదు. కారు మాత్రం తప్పకుండా రావాలి" అంది.

తోడబుట్టిన వాళ్ల దగ్గర మన పరపతి ఎంతటిదో తెలియాలంటే మనకొక కారుండాలి. అందులోనూ అది బెంజి కారై ఉండాలి.

విషయమేమిటంటే, మా మేనల్లుడికి విజయవాడలో పెళ్లిచూపులు. గుంటూరు నుంచి అద్దెకారులో దిగిన పెళ్లికొడుక్కి ఒక విలువట, ముక్కుమీద మూడుకొమ్మల చుక్క ఉన్న బండిలోంచి దిగిన పెళ్లికొడుక్కి ఇంకొక విలువట. ఆ రెండు విలువలకీ మధ్య తేడా ఎంతో, లాంఛనాల మాట వచ్చినప్పుడు తేలుతుందట. ఇదీ మా చెల్లెలి లెక్క.

నేను కొంచెం గొణిగాను గాని కాదనలేకపోయాను. మా ఆవిడ మాత్రం కూర తరుగుతున్న కత్తిపీట మీంచి తలెత్తి, "ఆ ముసలి బండిని చూసి ఎవరు మోసపోతారండీ?" అంది. కాసేపాగి, "ఒకవేళ మోసపోతే, ఆ మోసం చేసింది మనమేగా?" అంది.

ఈ రెండో ప్రశ్నకి నాదగ్గర జవాబు లేదు.

పాఠకులు నన్ను శ్రీమంతుణ్ణి అనుకోకముందే ఒక సంగతి విన్నవించుకోవాలి. నా బండి 1984లో తయారైంది. ఇంగ్లండులో డాక్టరీ చేసి వచ్చేసిన మా ఊరి పెద్దమనిషి ఒకాయన వస్తూ వస్తూ ఓడమీద తెచ్చుకున్నాడు. ఆయన వయసు మళ్లి ఇక నడపలేనన్నప్పుడు, ఇవాళ ఒక కొత్త చిన్నకారుకయ్యే ధరలో సగమైనా ఇవ్వకుండా నేను కొనుక్కున్నాను. దాని పూర్తిపేరు మెర్సిడెస్ బెంజ్ 240 డి. డీజిలు బండి. దాని శక్తి 72 గుర్రాలు. పైగా గేరు దానంతటదే మార్చుకునే రకం గనక, ఆ గుర్రాలు కూడా ఆలోచించుకుని మరీ కదుల్తాయి. ఆటోలు మమ్మల్ని దాటిపోతూ ఉంటే మా ఆవిడ కిటికీలోంచి వాటికేసి ఆశగా చూస్తూ ఉంటుంది.

అయినా ఆ బండంటే నాకు మమకారం. ఎంచేతనంటే, దాని వెనక ఒక కథ ఉంది. ఆ కథ కూడా పెళ్లితోనూ కట్నంతోనూ మొదలైనదే.

జర్మనీలో కార్ల్ బెంజ్ అని ఒక యంత్రకారుడు ఉండేవాడు. తెలివి ఉంది గాని చేతిలో కాసు లేదు. భాగస్వామితో కలిసి పెట్టిన వర్క్‌షాపు మునిగిపోయే స్థితికి వచ్చింది. ఆయన్ని పెళ్లాడబోతున్న బెర్తా అనే అమ్మాయి, పెళ్లికి ముందే, 1871లో, తన కట్నం సొమ్ములో కొంత ముందుగా ఇప్పించి, ఆ భాగస్వామి వాటా కొనిపించింది. మరుసటి ఏడు పెళ్లి అయింది. ఆ సొమ్ముతో నిలబడ్డ మనిషే, పద్నాలుగేళ్లు తలబద్దలు కొట్టుకుని, 1886 జనవరి 29న పెట్రోలు ఇంజనుతో నడిచే మూడుచక్రాల బండికి పేటెంటు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ పేటెంటు నంబరు 37435. మోటారుకారు జన్మపత్రిక అదేనని చెప్పుకుంటారు.

జన్మపత్రిక అయితే వచ్చింది గాని బండిని కొనేవాడు లేడు. గుర్రం లేకుండా బండి నడవడమేమిటని జనానికి భయం. కార్ల్ చూడబోతే ఇంకా ఏదో సరిచెయ్యాలి, ఇంకా ఏదో బిగించాలి అంటూ షెడ్డులోనే కూర్చునే మనిషి. ఇలా అయితే లాభం లేదనుకుంది బెర్తా. 1888 ఆగస్టులో ఒకనాటి తెల్లవారుజామున, మొగుడు నిద్రలేవకముందే, ఇద్దరు కొడుకుల్నీ వెంటబెట్టుకుని, ఆ బండెక్కి మన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. 100 కిలోమీటర్ల పైచిలుకు దారి. అప్పటికి ఎవరూ మోటారు మీద అంతదూరం పోయినవాళ్లు లేరు.

దారిలో ఇంధనం అయిపోయింది. పెట్రోలు బంకులన్న మాట లోకంలో ఇంకా పుట్టలేదు. వీస్లాఖ్ అనే ఊళ్లో మందులషాపు వాడి దగ్గర, బట్టలమీద మరకలు పోగొట్టే ద్రవం కొని ట్యాంకులో పోసింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పొడుగాటి పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోళ్లు జారకుండా కట్టుకునే సాగేపట్టీ తీసి దానికి చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాణ్ణి పిలిచి వాటికి తోలు కొట్టించింది. ఎత్తులు వచ్చినచోట దిగి తొయ్యవలసి వచ్చింది. సాయంత్రానికి పుట్టింటికి చేరి మొగుడికి తంతి కొట్టింది. తిరిగొచ్చాక ఆవిడ చెప్పిన లోపాలన్నీ విని, ఎత్తులెక్కడానికి పనికొచ్చే ఇంకొక గేరు అమర్చాడు కార్ల్. మోటారుకారు మొట్టమొదటి దూరప్రయాణం చేసినదీ ఒక ఇల్లాలే. మొట్టమొదట మరమ్మత్తు బిల్లు పెట్టుకున్నదీ ఒక ఇల్లాలే.

ఈ కథ మా ఆవిడకి చెప్పి, "చూశావా, కట్నం సొమ్ము ఎంత మంచిపనికి వచ్చిందో!" అన్నాను, చెల్లెలి తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడిలాగ.

"ఆ డబ్బు ఆవిడ తనకు తోచి ఇచ్చింది. మనవాళ్లు బండి చూపించి అడుగుదామనుకుంటున్నారు. రెండూ ఒకటేనా?" అంది మా ఆవిడ.

నేను మాట మార్చి, మెర్సిడెస్ అనే పేరు ఎలా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను.

కార్ల్ బెంజ్ ఉన్న ఊరికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, కాన్‌స్టాట్‌లో, గాట్లీబ్ డైమ్లర్ అనే ఇంకొకాయన, విల్‌హెల్మ్ మేబాఖ్ అనే సహచరుడితో కలిసి, సరిగ్గా ఆ రోజుల్లోనే మోటారు తయారుచేస్తున్నాడు. ఆ కంపెనీ కార్లని ఫ్రాన్సులో నీస్ పట్నంలోని ధనవంతులకి అమ్మిపెట్టే వ్యాపారి ఎమిల్ యెల్లినెక్. ఆయన 1900లో, ఇప్పటివాటికంటె వేగంగా పోయేదీ, నేలకి తక్కువ ఎత్తులో ఉండేదీ కావాలని, ఒక్కసారిగా 36 బళ్లకి ఆర్డరిచ్చి, దానికొక షరతు పెట్టాడు. ఆ బండికి తన కూతురు మెర్సిడెస్ పేరు పెట్టాలి. ఆ పిల్లకి అప్పటికి పదేళ్లు. 1901 మార్చిలో నీస్ పందేల్లో ఆ బండి గెలుపు చూసి లోకం నోరు తెరిచింది. 1902లో ఆ పేరు కంపెనీవారి సొంత గుర్తుగా రిజిస్టరైంది. ఆ దరిమిలా తండ్రి తన ఇంటిపేరుకే కూతురి పేరు తగిలించుకుని యెల్లినెక్-మెర్సిడెస్ అయ్యాడు. ఆడపిల్ల ఇంటిపేరు మారడం మనకి తెలుసు. ఆడపిల్ల పేరే తండ్రి ఇంటిపేరు కావడం ఎక్కడో గాని జరగదు.

ఇక చుక్క సంగతి. డైమ్లర్ పడుచువాడుగా ఉన్నప్పుడు, దూరపు ఊళ్లో తాముండే ఇంటి బొమ్మ ఉన్న కార్డు మీద చుక్క గుర్తు పెట్టి భార్యకి పంపాడట. తండ్రి పోయాక కొడుకులు దాన్ని గుర్తు తెచ్చుకున్నారు. 1909లో మూడుకొమ్మల చుక్క కంపెనీ గుర్తుగా నమోదైంది. నేలమీదా, నీటిమీదా, గాలిలోనూ తమ ఇంజన్లు తిరగాలని మూడు కొమ్మలు. మొదటి యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బుకి విలువ లేకుండా పోయి, కొనేవాళ్లు కరవై, రెండు కంపెనీలూ 1926లో ఒకటైపోయాయి. అప్పటికి డైమ్లర్ పోయి ఇరవయ్యారేళ్లయింది. ఆయనా బెంజూ జీవితంలో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకున్న దాఖలా లేదు. ఇద్దరి పేర్లూ మాత్రం ఒకే బండిమీద కాపురం చేస్తున్నాయి.

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే కథ బాగానే ఉంటుంది గాని నిజం సగమే అవుతుంది. మెర్సిడెస్ అన్న స్పానిష్ మాటకి దయ, అనుగ్రహం అని అర్థం. ఆ పేరుగల పిల్ల తాత వియన్నాలో యూదుల మతగురువు. ఆమె 1929లోనే చనిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లకి జర్మనీలో అధికారానికి వచ్చిన హిట్లరు ఊరేగిన పెద్దకార్లు ఈ కంపెనీవే. యూదుల్ని నిర్మూలించాలని పూనుకున్నవాడు ఒక యూదు మతగురువు మనవరాలి పేరున్న కారులో నిలబడి వందనాలందుకున్నాడు. 1944లో ఈ కంపెనీలో పనిచేసిన 63,610 మందిలో ఇంచుమించు సగంమంది బలవంతాన తెచ్చినవాళ్లు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల వాళ్లూను. ఈ లెక్క ఎవరో శత్రువులు వేసింది కాదు, కంపెనీవారే బయటపెట్టుకున్నది. 2000లో జర్మన్ ప్రభుత్వమూ, పరిశ్రమలూ కలిసి బాధితులకి పరిహారం ఇవ్వడానికి పెట్టిన నిధిలో ఈ కంపెనీ కూడా చేరింది. చుక్క ఎంత మెరిసినా ఆ మచ్చ ఉన్నదే. పేరు గొప్పదైనంత మాత్రాన పేరు పెట్టుకున్నవాళ్ల పనులు గొప్పవి కావు.

ఈ మాట అన్నాక మా ఆవిడ ఏమీ అనలేదు. నాకే ఆదివారం గుర్తొచ్చింది.

యుద్ధం తర్వాత ఈ కంపెనీ మళ్లీ నిలదొక్కుకున్నది ముఖ్యంగా నాణ్యం వల్ల. బేలా బారెన్యీ అనే ఇంజనీరు ఒక ఆలోచన చేశాడు. బండి అంతా ఉక్కుముద్దలా గట్టిగా ఉంటే గుద్దుకున్నప్పుడు దెబ్బ లోపలి మనుషులకే తగులుతుంది. అలాకాక ముందుభాగమూ వెనకభాగమూ నలిగిపోయి దెబ్బని మింగెయ్యాలి, మనుషులు కూర్చునే మధ్యగది మాత్రం చెక్కుచెదరకూడదు. ఆ పద్ధతిలో కట్టిన కార్లు 1959లో వచ్చాయి. ఇవాళ అన్ని కంపెనీలూ చేస్తున్నదదే. నా బండి రకం 1976 నుంచి పదేళ్లపాటు ఇంచుమించు 27 లక్షలు తయారయ్యాయి. దీనికి ముందు తరం 240 డి ఒకటి గ్రీసులో ఒక టాక్సీ డ్రైవరు చేతిలో 46 లక్షల కిలోమీటర్లు తిరిగి, చివరికి కంపెనీవారి మ్యూజియానికి చేరింది.

46 లక్షలు విని మీరు నా బండి నన్నెప్పుడూ సతాయించదనుకునేరు. ఏనుగు దొరకడం కష్టం కాదు, మేపడం కష్టం. పొద్దున్నే తాళం తిప్పితే పసుపురంగు దీపం వెలుగుతుంది. లోపల వేడెక్కి ఆ దీపం ఆరేదాకా ఓపిక పట్టాలి. నూనె వేళకి మార్చాలి. పదిహేనేళ్లు దాటిన బండి గనక అయిదేళ్లకోసారి తనిఖీ, మళ్లీ రిజిస్ట్రేషను, దానిమీద హరితపన్ను. ఇనుము ఈనాటికీ గట్టిగానే ఉంది గాని, రబ్బరుకి మనిషిలాగే వయసొస్తుంది. నలభై ఏళ్లనాటి రబ్బరు గొట్టాలు ముట్టుకుంటే అప్పడాల్లా విరుగుతాయి.

ఇందులో ఒక చిత్రం ఉంది. పెట్రోలు ఇంజనుకి కరెంటు ఆపితే ఆగిపోతుంది. డీజిలు ఇంజనుకి నిప్పురవ్వతో పనిలేదు. గాలిని అదిమి పుట్టించిన వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందుచేత దాన్ని ఆపాలంటే ఇంధనమే ఆపాలి. నా బండిలో ఆ పని చేసేది గాలిలేమి. ఇంజనుతోపాటు తిరిగే ఒక పంపు సన్నటి గొట్టాల్లోంచి గాలి లాగేస్తుంది. తాళం తిప్పగానే ఆ లాగుడు వెళ్లి ఇంధనాన్ని మూసేస్తుంది. ఆ లాగుడే నాలుగు తలుపుల తాళాల్నీ ఒకేసారి వేస్తుంది కూడా.

ఒక వెనక తలుపు కొన్నాళ్లుగా తాళం పడ్డం లేదు. "లోపల రబ్బరు చిరిగిందండీ, మార్పించండి. లేకపోతే ఏదో ఒకరోజు ఇంజను ఆగదు" అన్నాడు మా మెకానిక్కు. తలుపు రబ్బరుకీ ఇంజను ఆగడానికీ సంబంధమేమిటని నవ్వేసి, నాలుగైదు వందల రూపాయల పనిని ఆర్నెల్లు వాయిదా వేశాను.

ఆదివారం వచ్చింది. మా చెల్లెలూ, బావగారూ, మా ఆవిడా వెనక. మేనల్లుడు నా పక్కన. బండిని ముందురోజే కడిగి తుడిచాను. చుక్క ధగధగలాడుతోంది. విజయవాడ పటమటలో పెళ్లివారి ఇంటిముందు హుందాగా ఆపాను. వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. తాళం తిప్పి తీసి జేబులో వేసుకున్నాను.

ఇంజను ఆగలేదు.

తాళం మళ్లీ పెట్టి తిప్పాను. డుగడుగడుగ మంటూనే ఉంది. దిగి నిలబడ్డాం. వాళ్లు మాకేసీ మేము బండికేసీ చూస్తున్నాం. "జర్మనీ బండి కదండీ, అలాగే ఉంటుంది" అంది మా చెల్లెలు. నాకు చెమటలు పట్టాయి.

ఇంతలో లోపల్నుంచి చేతికర్ర పట్టుకుని ఎనభై దాటిన తాతగారొకరు మెల్లిగా వచ్చారు. పెళ్లికూతురి తాత. చెవి ఒగ్గి ఒక్క నిమిషం విన్నారు. ఆయన మొహం విచ్చుకుంది.

"బెంజి కదూ! తియ్యండి బాబూ, బానెట్టు" అన్నారు.

తీశాను. ఆయన వంగి చూసి, ఒక చిన్న మీటని వేలితో అదిమారు. ఇంజను ఠక్కున ఆగింది. వీధంతా నిశ్శబ్దమైపోయింది.

"1958లో పదిహేనేళ్ల కుర్రాణ్ణి, లారీ షెడ్డులో క్లీనర్‌గా చేరాను. అప్పుడు మా చేతికొచ్చిన లారీలకి ఈ చుక్కే ఉండేది బాబూ" అన్నారు.

నిజమే. టాటావారు 1954లో జర్మనీ కంపెనీతో ఒప్పందం చేసుకుని జెంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేశారు. 1969లో ఒప్పందం ముగిసేదాకా వాటి ముక్కుమీద ఈ చుక్కే ఉండేది. మన రోడ్లమీద బియ్యమూ బొగ్గూ మిరపకాయలూ మోసిన చుక్క అది. "ఆ లారీలో ఇంజను ఆపడానికి గుండీ లాగేవాళ్లం. దీంట్లోనూ ఏదో ఉండకపోదని చూశాను. మాకప్పట్లో ఇది బరువు మోసే బండి గుర్తు. గొప్పవాళ్ల గుర్తని తర్వాత తెలిసింది" అని నవ్వి, "ఎప్పటి బండి?" అని అడిగారు.

మా చెల్లెలు నావైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. మా ఆవిడ మాత్రం నేలచూపు చూస్తోంది. చెప్పబోయి తడబడ్డాను. అంతలో మా మేనల్లుడే ముందుకొచ్చాడు.

"1984ది తాతగారూ. మావయ్యది. నాకు కారు లేదు, స్కూటరుంది. ఇది చూస్తే మీరు మమ్మల్ని గొప్పవాళ్లనుకుంటారని అడిగి తెచ్చుకున్నాం" అన్నాడు.

గుమ్మంలో ఎవరో కిసుక్కున నవ్వారు. చూద్దును గదా, పెళ్లికూతురు. లోపల కూర్చోబెట్టి చూపించాల్సిన అమ్మాయి, ఇంజను మోత విని ముందే బయటికొచ్చి నిలబడి అంతా చూసింది.

ఆ తర్వాత కాఫీ ఫలహారాలు సవ్యంగానే జరిగాయి. లాంఛనాల మాట ఎత్తడానికి మా చెల్లెలికి నోరు రాలేదు. తిరుగుదారిలో మంగళగిరి దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. "నా పరువు తీశావురా" అంది చివరికి కొడుకుతో. "లేదులే, తీయబోయిన పరువు నిలబెట్టాడు" అంది మా ఆవిడ.

వారం తిరిగేసరికి కబురొచ్చింది. అమ్మాయికి అబ్బాయి నచ్చాడు. తను సంపాదించుకుంటోంది గనక కట్నమన్న మాట ఉండకూడదని షరతు. ఆ షరతు మింగడానికి మా చెల్లెలికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఫోను చేసి, "సరేలే అన్నయ్యా, పిల్ల బంగారుబొమ్మ" అంది.

ముహూర్తం మాఘమాసంలో. పెళ్లికొడుకుని మా బండిలోనే తీసుకురావాలని తాతగారు పట్టుపట్టారు. మొన్ననే వెనక తలుపు రబ్బరు మార్పించాను. ఖర్చు నాలుగు వందల యాభై రూపాయలు. తాళం తిప్పితే ఇంజను ఇప్పుడు బుద్ధిగా ఆగుతోంది.